ఉమ్మడి ప్రహరీ పక్కన తీగపాదులకు కంచె: గోడ మీదే యాంగిళ్లు బిగించొచ్చా?

పెరటిపాదు (ప్రశ్న)

నమస్కారమండి. గుంటూరు ఊరి చివర లే అవుట్‌లో ఇల్లు. పడమటి వైపు మాకూ పక్కింటివారికీ కలిపి ఒకటే ప్రహరీ, చెరిసగం ఖర్చు పెట్టుకుని కట్టించుకున్నది. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, ఎత్తు నాలుగు అడుగులు, పది అడుగులకొక తొమ్మిదంగుళాల పిల్లరు. మొత్తం పొడవు 60 అడుగులు. నేల నల్లరేగడి.

ఆ గోడ వెంట మా వైపు బీర, కాకర, దొండ, చిక్కుడు పాదులు పెట్టాలని. గోడ మీద ఇంకో నాలుగు అడుగులు చైన్ లింక్ జాలీ లేపితే తీగలూ పాకుతాయి, రెండిళ్లకూ కాస్త చాటుగానూ ఉంటుంది. వెల్డింగ్ చేసే అతను 40×40×5 ఎం.ఎం. యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుము) ముక్కల్ని పిల్లర్లకు యాంకర్ బోల్టులతో బిగించేద్దాం, గుంతలు తవ్వే పనే ఉండదు అంటున్నాడు. పక్కింటివారు వేసుకోమన్నారు కానీ గోడకు మాత్రం ఏమీ కాకూడదన్నారు.

పాదుల కోసం ఎర్రమట్టి తోలించి, గోడ పొడవునా అడుగున్నర ఎత్తు మడి కట్టాం. మడి గోడకు ఆనుకునే ఉంది.

యాంగిళ్లు గోడకు బిగించడం సరైనదేనా? విడిగా వేయాలంటే గోడకు ఎంత దూరంలో, ఎంత లోతులో, ఏ సామాను ఎంత పడుతుంది?

కట్టుబడి

గోడకు బిగించొద్దండి. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

జాలీ ఖాళీగా ఉన్నప్పుడు గాలి దాంట్లోంచి వెళ్లిపోతుంది. ఆగస్టు, సెప్టెంబరు నాటికి బీర, చిక్కుడు కమ్ముకుంటే మాత్రం అది జాలీ కాదు, ఆకుల గోడ. గంటకు 65 కిలోమీటర్ల ఈదురుగాలి చదరపు మీటరుకు దాదాపు 20 కిలోల తోపుడు ఇస్తుంది. అది తుపాను గాలేం కాదు, ఎండాకాలం సాయంత్రాలు దుమారం లేచినప్పుడు మామూలుగా వచ్చేదే. గోడ మీద మీరు లేపే నాలుగు అడుగుల ఆకుల మీద మీటరు పొడవుకు 24 కిలోలు పడతాయి. ఆ బలం నేల నుంచి ఆరడుగుల ఎత్తులో, అంటే 1.8 మీటర్ల దగ్గర తోస్తుంది కాబట్టి, బలాన్ని ఎత్తుతో గుణిస్తే, గోడను తిరగతోసే బలం 43 కేజీ-మీటర్లు.

ఇప్పుడు గోడ సంగతి. నాలుగున్నర అంగుళాల మందం, నాలుగు అడుగుల ఎత్తున్న ఇటుక గోడ మీటరు పొడవుకు 260 కిలోల దాకా తూగుతుంది. తన బరువుతో అది ఆపుకోగలిగింది దాదాపు 15 కేజీ-మీటర్లు. తన ఒంటి మీద పడే గాలికే అందులో 14 ఖర్చయిపోతుంది. మిగతాదంతా పిల్లర్లూ, సిమెంటు పట్టూ మోయాలి. ఇలాంటి గోడ మీద ఇంకో 43 ఎక్కిస్తే మొదట పిల్లరు పక్కన నిలువు బీట వస్తుంది, ఆ తర్వాత గోడ ఒక వైపుకు ఒరుగుతుంది. వానాకాలంలో నల్లరేగడి మెత్తబడినప్పుడు అది ఇంకా తొందరగా జరుగుతుంది.

యాంకర్ బోల్టు కూడా కాంక్రీటు కోసం చేసిన సరుకు. బిగించిన కొద్దీ లోపల వ్యాకోచించి పట్టుకుంటుంది. తొమ్మిదంగుళాల ఇటుక పిల్లరులో అంచుకు మిగిలేది మూడు నాలుగు అంగుళాలే కాబట్టి బిగించే రోజే ఇటుక చీలవచ్చు. చీలకపోయినా ఆ కంతలోకి నీరు దిగి బోల్టు తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి ప్లాస్టరును ఊడదీస్తుంది. ఉమ్మడి గోడకు ఆ బీట ఏ వైపు కనపడినా అడిగేది మిమ్మల్నే.

మీ స్తంభాలు మీ నేలలో, గోడను తాకకుండా నిలబడాలి. అప్పుడు కంచె ఒరిగినా గోడకు సంబంధం ఉండదు.

మడిచెక్క

కంచె ఇంకా వేయలేదు కాబట్టి అంతకంటే ముందు ఆ మడి సంగతి చూడండి. గోడకు ఆనించి అడుగున్నర ఎర్రమట్టి పోశారే, అసలు ప్రమాదం అదే. ప్రహరీ అనేది మట్టిని ఆపడానికి కట్టే గోడ కాదు. అడుగున్నర తడి మట్టి మీటరుకు 10 కేజీ-మీటర్ల దాకా పక్కింటివైపు తోస్తుంది. పైన చెప్పిన 15లో మూడింట రెండొంతులు గాలి లేని రోజు కూడా అలా ఖర్చవుతూనే ఉంటుంది. నీళ్లు నిలిస్తే ఇంకా ఎక్కువ.

దీనికి తోడు రోజూ పాదులకు పోసే నీరు ఇటుకల్లోకి ఎక్కి పక్కింటివారి వైపు తెల్లటి ఉప్పు పడుతుంది, సున్నం పెచ్చులుగా లేస్తుంది. వాళ్లు ఏమీ కాకూడదన్నది మొదట దెబ్బతినేది అక్కడే. మట్టిని గోడ నుంచి పూర్తిగా లాగేసి రెండు అడుగులు ఖాళీ వదలండి. ఆ ఖాళీలో నేల గోడ దగ్గర ఎత్తుగా, మడి వైపు పల్లంగా ఉండాలి, అడుగుకు పావు అంగుళం వాలు చాలు. మడికి గోడ వైపు అంచుగా ఒక వరుస ఇటుకలో కడప రాయి ముక్కలో నిలువుగా పాతితే మట్టి మళ్లీ జారదు.

ఆ రెండు అడుగులూ వృథా కావండి. అందులో మనిషి దూరి వెనక వైపు కాయలు కోయొచ్చు, గోడకు రంగులు వేయించుకోవచ్చు. రావి, జువ్వి మొలకలు గోడ సందులో మొలిస్తే వేలెడంత ఉన్నప్పుడే పీకేయొచ్చు.

పందిరిగుంజ

విడి కంచెకు పూర్తి లెక్క ఇస్తున్నాను. 60 అడుగుల పొడవు, నేల మీద 7 అడుగుల ఎత్తు అనుకుంటున్నా. గోడ ఎలాగూ నాలుగు అడుగులుంది కాబట్టి జాలీ నేల నుంచి అక్కర్లేదు. మూడో అడుగు దగ్గర మొదలుపెట్టి ఏడో అడుగు దాకా, నాలుగు అడుగుల వెడల్పు రోలు చాలు. కింది మూడడుగులు తీగ ఎక్కడానికి పురికొస కట్టేస్తే సరిపోతుంది.

స్తంభాలకు 40×40×5 యాంగిల్ చాలదు. పైన చెప్పిన 65 కిలోమీటర్ల గాలికే, ఆకు నిండిన జాలీతో, మొదలు దగ్గర ఒంగిపోతుంది. రెండంగుళాల జీఐ (జింకు పూత ఉన్న ఇనప) పైపు, మీడియం, అంటే బి క్లాస్ తీసుకోండి. దాని మీద నీలి గీత ఉంటుంది. పసుపు గీతది తేలిక రకం, వద్దు. గీత వెలిసిపోయి ఉంటే తూకం వేయించండి, 20 అడుగుల పైపు 30 కిలోల దాకా తూగాలి. ఐదు పైపులు తెచ్చి ఒక్కోదాన్ని సగానికి కోయిస్తే పదేసి అడుగుల ముక్కలు పది వస్తాయి. మూడడుగులు నేలలో, ఏడడుగులు పైన. ముక్క వృథా పోదు. పది స్తంభాలకు తొమ్మిది ఖానాలు, స్తంభానికి స్తంభానికి 6 అడుగుల 8 అంగుళాలు.

గోడ నుంచి స్తంభం నడిమికి రెండు అడుగులు పెట్టండి. గోడ పునాది పైన కనిపించే గోడకంటే వెడల్పు ఉంటుంది, మీ వైపుకు ఆరు నుంచి తొమ్మిది అంగుళాలు చొచ్చుకొచ్చి ఉండొచ్చు. అందుకని ముందు ఒక్క గుంత తవ్వి చూడండి. పునాది రాయి తగిలితే ఇంకాస్త జరగండి, పునాది అంచును గడ్డపారతో చెక్కడం మాత్రం వద్దు. గుంతలన్నీ ఒకే రోజు తవ్వి వదిలేయకూడదు. ఒకటి విడిచి ఒకటి తవ్వి, కాంక్రీటు వేసి, అది గట్టిపడ్డాక మిగతావి తవ్వండి. వానలు మొదలయ్యాక అసలు తవ్వొద్దు.

గుంత అడుగు వెడల్పు, మూడున్నర అడుగుల లోతు. అడుగున ఆరంగుళాలు గ్రావెల్ వేసి దిమ్మిస కొట్టండి. నల్లరేగడిలో ఇంకో జాగ్రత్త ఉంది. ఈ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నోళ్లు తెరుస్తుంది. పై భాగం వెడల్పుగా, కింద సన్నగా ఉన్న దిమ్మెను ఉబ్బిన మట్టి ఏటా కాస్త కాస్త పైకి ఎత్తేస్తుంది. కాబట్టి గుంత అడుగుభాగాన్ని చుట్టూ ఒకటి రెండు అంగుళాలు ఎక్కువ తవ్వి పాదంలా వెడల్పు చేయండి, పైన అంచులు కూలి గరాటులా విచ్చుకోకుండా చూసుకోండి. పక్కలు విరిగి పడుతుంటే పై అడుగుకు రేకు చుట్టి పోయండి.

కాంక్రీటు 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర). గుంతకు దాదాపు 2.4 ఘనపు అడుగులు. పది గుంతలకూ, చివరి ఊతాల దిమ్మెలకూ కలిపి 26 ఘనపు అడుగులు. ఒక బస్తా సిమెంటుకు ఐదున్నర ఘనపు అడుగుల కాంక్రీటు వస్తుంది కాబట్టి ఐదు బస్తాలు, అడుగున వెడల్పు చేసినందుకు ఒకటి అదనంగా, మొత్తం ఆరు. ఇసుక 15, 20 ఎం.ఎం. కంకర 30 ఘనపు అడుగులు. నీళ్లు తక్కువ పోయమని దగ్గరుండి చెప్పండి. జారుగా ఉంటే పోయడం తేలికే, బలం ఉండదు. రాడ్డుతో పొడుస్తూ నింపాలి. దిమ్మె పైభాగం నేలకంటే మూడంగుళాలు లేపి, చుట్టూ వాలు పెట్టి నున్నగా చేయండి. పైపు మొదట్లో నీరు నిలిస్తే ముందు తినేసేది అక్కడే. నేలకు ఆరంగుళాలు పైన, ఆరంగుళాలు కింద వచ్చే భాగానికి పాతక ముందే బిట్యూమిన్ పెయింట్ రెండు పూతలు వేయండి. పైన మూత బిగించండి, లేకపోతే పైపు నిండా నీళ్లే.

మొదట రెండు చివరి స్తంభాలు నిలబెట్టి, కిందా పైనా దారం లాగి, మిగతావి ఆ దారానికి పట్టండి. రసమట్టం రెండు దిక్కులా పెట్టి చూడాలి. కాంక్రీటు ఏడు రోజులు తడపకుండా జాలీ లాగితే అప్పటిదాకా నిటారుగా ఉన్న స్తంభాలన్నీ లోపలికి ఒరుగుతాయి. ఎక్కువగా జరిగేది ఇదే, వెల్డింగ్ అతను ఒక్క రోజులో పని ముగించాలని చూస్తాడు.

చివరి స్తంభాలు రెండింటికీ ఊతం తప్పదు. ఒకటిన్నర అంగుళాల పైపు ఏడడుగుల ముక్క, కంచె వరసలోనే 45 డిగ్రీల వాలుతో, నాలుగు అడుగుల ఎత్తు దగ్గర తగిలేలా. దాని కాలు అడుగు కాంక్రీటులో ఉండాలి. వెల్డింగ్ చేసిన చోట జింకు కాలిపోతుంది, గీకి జింక్ రిచ్ పెయింట్ వేయాలి. వెండి రంగు పూసి మాయ చేస్తే ఆర్నెల్లలో తుప్పు బయటపడుతుంది.

తర్వాత అడ్డ తీగలు మూడు: పైన 8 గేజి, మధ్యలో, కింద 10 గేజి జీఐ. ఒక చివర టర్న్ బకిల్ పెట్టండి, ఏడాదికోసారి తిప్పి బిగించుకోవచ్చు. జాలీ 10 గేజిది. గేజి అంకె పెరిగితే తీగ సన్నబడుతుంది, 12 గేజి చౌకని అంటగడతారు, ఒప్పుకోకండి. రోలు 50 అడుగులే వస్తుంది, మిగతా పది అడుగులకు ఇంకో ముక్క కలపాలి. కలిపే చోట బైండింగ్ వైరుతో కుట్టకండి. రోలు చివరి తీగ ఒకటి మెలి తిప్పుతూ బయటకు లాగి, రెండు ముక్కల కళ్లనూ కలిపి అదే తీగను మళ్లీ తిప్పుతూ ఎక్కిస్తే అతుకు కనపడదు, బలం తగ్గదు.

బీరపూత

స్తంభాల లెక్కంతా బాగుంది. తీగ కూరగాయలకు చైన్ లింక్ వాడటం దగ్గరే నేను ఒప్పుకోను.

రెండంగుళాల కన్ను ఉన్న జాలీలో చేయి దూరదు. బీర పిందె వేలెడంత ఉన్నప్పుడు కన్నులోకి దూరుతుంది, అక్కడే లావెక్కుతుంది. మధ్యలో నొక్కుకుపోయి, తీగ అచ్చు పడి, రెండు వైపులా ఉబ్బి, చివరికి కత్తితో ముక్కలు చేసి తీయాల్సి వస్తుంది. పొట్ల, సొర అయితే మరీను. పంట అయిపోయాక ఎండిన నులితీగలు ఇనప తీగకు మెలిపడి ఉంటాయి, ఒక్కొక్కటీ తుంచుతూ కూర్చోవాలి. వదిలేస్తే తెగుళ్లూ, పురుగులూ అక్కడే ఉండి కొత్త పాదుకు అంటుకోవచ్చు. మే నెలలో ఇనుము కాలి లేత కొసలు మాడవచ్చు కూడా.

మీకు కావలసింది తీగలకు ఊతం, కాస్త చాటు. మేకలనూ కుక్కలనూ ఆపడానికి గోడ ఎలాగూ ఉంది. అందుకని స్తంభాలు ఇదే లెక్కన వేసి, అడ్డ తీగలు నాలుగు లాగి, వాటి మీద ఆరంగుళాల కన్నున్న నైలాన్ తీగ నెట్ వేలాడదీయండి. పంట అవ్వగానే తీగతో సహా చుట్టి తీసేయొచ్చు. నెట్‌ను అడ్డ తీగలకు పురికొసతో కట్టండి, బైండింగ్ వైరుతో కాదు. దానికి కారణం గాలి. కట్టడాల మీద గాలి భారానికి మన దేశపు ప్రమాణం ఐ.ఎస్. 875 మూడో భాగంలో విజయవాడకు ఇచ్చిన మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44. అంటే మీ ప్రాంతంలో గంటకు 180 కిలోమీటర్లకు లెక్క వేసుకోమని. ఆకు నిండిన ఏ పెరటి కంచే దానికి నిలవదు. పురికొస తెగితే నెట్ పడిపోతుంది, స్తంభాలు మిగులుతాయి. తుపాను హెచ్చరిక వస్తే పై కట్లు ముందే కోసేసి నెట్‌ను మడి మీదకు దించేయండి.

పడమటి గోడ కావడం మీకు మేలే. సాయంత్రపు ఎండను ఆ తీగలు ఆపుతాయి, వేసవిలో తూర్పున ఉన్న ఆకుకూర మడికి అది చాలా అవసరం. దక్షిణం వైపు ఇలాంటి కంచె వేస్తే చలికాలమంతా దాని వెంట ఉన్న పెరడు నీడలో పడుతుంది.

దొండ ఒక్కటీ ఏళ్ల తరబడి ఉండే పాదు, దానికి ఒక చివర ఖానా విడిగా ఇచ్చేయండి, ఆ ఖానాలో జాలీ ఉన్నా ఇబ్బంది లేదు. సొర, గుమ్మడి ఈ కంచెకు ఎక్కించకండి, బరువు. రాధామనోహరం, కాగితపు పూలు లాంటివి అసలు వద్దు, నాలుగేళ్లలో కర్రబారి పైపులనే వంచుతాయి.

హద్దురాయి

సామాను కొనే ముందు హద్దు చూసుకోండి. గోడ ఉమ్మడిదైతే హద్దు గీత గోడ నడిమిన ఉండాలి, కానీ కట్టేటప్పుడు మేస్త్రి దారం నాలుగంగుళాలు అటూ ఇటూ పోవడం మామూలే. మీ దస్తావేజు వెనక ఉన్న ప్లాన్‌లో తూర్పు పడమరల కొలత చూసి, రోడ్డు వైపూ వెనక వైపూ రెండు చోట్లా టేపు పెట్టండి. లే అవుట్ హద్దు రాళ్లు ఉంటే వాటి నుంచే కొలవాలి, గోడ నుంచి కాదు. తేడా తేలకపోతే మీసేవలో ఎఫ్-లైన్ (హద్దులు కొలిచి చూపమనే) దరఖాస్తు పెట్టి సర్వేయరు చేత కొలిపించుకోవచ్చు. కంచె రెండడుగులు లోపలికి వేస్తున్నారు కాబట్టి మీకు కొలత తగాదా రాకపోవచ్చు, కానీ ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఏళ్లు గడిచి ఇల్లు చేతులు మారాక, కొత్తగా వచ్చినవాళ్లు మీ కంచే హద్దు, గోడ మాదే అనొచ్చు. అప్పుడు ఆ రెండడుగుల మీద పేచీ వస్తుంది.

అందుకని ఇప్పుడే ఒక కాగితం రాసుకోండి. ప్రహరీ ఇద్దరి డబ్బుతో కట్టిన ఉమ్మడి గోడ అని, కంచె మీ స్థలంలో గోడకు రెండడుగుల లోపల మీ ఖర్చుతో వేసుకున్నదని, దాని వల్ల హద్దు మారదని. గోడ కొలతలూ తేదీ వేసి, ఇరువురూ సంతకాలు చేసి, ఇద్దరు సాక్షుల చేత పెట్టించి, చెరొక ప్రతి ఉంచుకోండి. పని మొదలయ్యే ముందు గోడను రెండు వైపులా ఫోటోలు తీయండి, ముఖ్యంగా ఇప్పటికే ఉన్న బీటలు. అవి కంచె వల్ల వచ్చినవి కావని ఇద్దరికీ తెలిసి ఉంటుంది.

అటు పాకిన తీగ మీదే అయినా వాళ్ల వైపు వేలాడితే తుంచుకునే హక్కు వాళ్లకు ఉందనుకోండి, అటు కాసిన కాయ కోసం అడగకండి. ముళ్ల తీగ ఉమ్మడి గోడ మీద వద్దు. కోతుల కోసమని ఇనప తీగకు కరెంటు కలపడం నేరం, ప్రాణాలు పోతాయి. జాలీ కోతులను ఎలాగూ ఆపదు.

పెరటిపాదు

అందరికీ కృతజ్ఞతలండి. మడి మట్టి లాగించేస్తున్నాం, నెట్ సంగతీ నచ్చింది. ఇంకొకటి: పైపుల బదులు సిమెంటు కడీలు వేస్తే ఖర్చు తగ్గుతుందంటున్నారు. పనికొస్తాయా?

పందిరిగుంజ

ఏడడుగుల ఎత్తుకు వద్దు. మామూలుగా దొరికే కడీ ఎనిమిది అడుగులు, నల్లరేగడిలో రెండున్నర అడుగులు పాతితే పైన మిగిలేది ఐదున్నర. ఆ ఎత్తు చాలనుకుంటే నిక్షేపంగా వాడొచ్చు, గాలి భారం కూడా తగ్గుతుంది. కానీ ఐదడుగులకొకటి వేయండి, 60 అడుగులకు 13 పడతాయి. కొనేటప్పుడు రెండు చివరలా ఇనప చువ్వల కొసలు నాలుగూ కనపడుతున్నాయో లేదో చూడండి. రెండు చువ్వలే ఉన్నవీ, మధ్యలో సన్నటి అడ్డ బీట ఉన్నవీ దించుకోకండి. పైపు ఒంగి హెచ్చరిస్తుంది, కడీ అయితే మొదట్లో ఒక్కసారిగా విరుగుతుంది. రాతి కడీలూ అంతే.

చివరి రెండు చోట్ల మాత్రం పైపులే పెట్టండి. టర్న్ బకిల్ లాగుడు కడీ ఓర్చుకోదు.

కట్టుబడి

ఇంకో మాట కలుపుతాను. లాగేసిన ఎర్రమట్టిని గుంతల్లో కాంక్రీటు చుట్టూ నింపడానికి వాడకండి, అది కూరడానికి కాదు, పాదులకు. స్తంభం చుట్టూ సందు మిగిలితే కాంక్రీటే పోయాలి. మొదటి వానాకాలం గడిచాక నేల ఎండి బీటలిచ్చినప్పుడు ప్రతి దిమ్మె చుట్టూ ఒకసారి చూడండి. వేలు దూరేంత సందు కనపడితే పొడి ఇసుక పోసి నింపండి. ఆ సందులోకి నీరు దిగితే వచ్చే ఏడు స్తంభం కదలడం మొదలవుతుంది.